భ్రాంతిలో ఉన్న రోగికి ఏమని బదులివ్వాలి?

ప్రశ్న (నర్సింగ్ విద్యార్థిని):
మానసిక వైద్య వార్డులో మా పోస్టింగ్ మొదలై రెండు వారాలైంది. అన్నంలో విషం కలిపారని నమ్మే ఒక పెద్దాయన పళ్ళెం తోసేస్తే, "అలాంటిదేమీ లేదు తాతగారూ, తినండి" అన్నాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. అవునంటే అబద్ధం, కాదంటే దూరం. మరి ఏమనాలి?

జవాబు (వార్డు సిస్టర్):
అమ్మా, విషం ఉందా లేదా అన్న వాదనలోకి దిగకండి. ఆయన భయం మాత్రం నిజం. "నాకలా అనిపించడం లేదండీ, కానీ అలా అనుకుంటూ ముద్ద నోట పెట్టుకోవడం ఎంత కష్టమో తెలుస్తోంది" అని, ఎదురుగా నిలబడకుండా కాస్త పక్కగా కూర్చోండి. మా వార్డులో ఒకావిడకు తొక్క తీయని అరటిపండు, సీలు తీయని నీళ్ళ సీసా ఇచ్చేవాళ్ళం. తన చేత్తో విప్పుకున్నదైతే తినేది. తినలేదన్న సంగతి కేస్ షీట్‌లో రాసి, డాక్టరుగారికి చెప్పడం మరవకండి.

జవాబు (నర్సింగ్ అధ్యాపకుడు):
నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే ఈ వృత్తికి కేంద్రమని అమెరికన్ నర్సింగ్ సిద్ధాంతకర్త హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే ప్రతిపాదించారు. ఎదుటివారి లోకాన్ని మనదే అయినట్టు గ్రహిస్తూనే, ఆ "అయినట్టు" అన్న ఎరుకను వదలకపోవడమే సహానుభూతి అని 1957లో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ వివరించారు. నా దృష్టిలో, అంతా అర్థమైపోయిందనుకునే నర్సు కంటే మళ్ళీ అడిగి తెలుసుకునే నర్సే నయం.

విద్యార్థిని:
సిస్టర్‌గారి అనుమతితో ఈ రోజు ఉడికించిన గుడ్డును పెంకుతోనే ఇచ్చాను. తాతగారే ఒలుచుకున్నారు, సగం నా చేతిలో పెట్టి, ముందు నన్ను తినమన్నారు.