ఆల్సెస్ట్‌ని చూసి నవ్వాలా, మెచ్చుకోవాలా?

ప్రశ్న:
ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్ నాటకం 'ల మిజాంత్రోప్' (మనుషులంటే గిట్టనివాడు) నిన్న రాత్రి పూర్తిచేశాను. కామెడీ అన్నారు గానీ నాకు చాలా చోట్ల బాధేసింది. మొదటి సీన్‌లో హీరో ఆల్సెస్ట్ చెప్పేదాన్ని బట్టి, అతని స్నేహితుడు ఫిలాంత్ ఎవరినో ప్రాణస్నేహితుడిలా కావలించుకున్నాడు, ఆ మనిషి అటు వెళ్ళగానే అతని పేరే సరిగ్గా గుర్తులేదు. దానికి ఆల్సెస్ట్ కోప్పడితే తప్పేముంది? తన కోర్టు కేసులో న్యాయం నా వైపుంది, జడ్జీల ఇళ్ళ చుట్టూ తిరగను అంటాడు, చివరికి కేసు ఓడి 20,000 ఫ్రాంకులు పోగొట్టుకుంటాడు. ఇలాంటివాణ్ణి నవ్వులపాలు చేయడం ఎందుకు?

జవాబు 1:
తత్వవేత్త రూసో కూడా ఇదే అడిగాడు. 1758లో మరో రచయిత ద'అలంబేర్‌కు రాసిన లేఖలో, మోలియేర్ నిజాయితీపరుణ్ణి పట్టుకుని నవ్వించాడని తప్పుపట్టాడు. నేను ఒప్పుకోను. ఒరోంత్ అనే పెద్దమనిషి తన సానెట్ (చిన్న కవిత) వినిపించే సీన్ మళ్ళీ చదవండి. అంత ముక్కుసూటి ఆల్సెస్ట్ కూడా అక్కడ నీళ్ళు నములుతాడు! ఇంకెవరితోనో అన్నట్టుగా చెబుతాడు, నా గురించేనా అని ఒరోంత్ అడిగిన ప్రతిసారీ 'నేను అలా అనలేదు' అంటాడు. చివరికి ఆపుకోలేక కడిగేస్తాడనుకోండి, ఆ గొడవ మార్షల్స్ (ప్రభువుల గౌరవ తగాదాలు తీర్చే పెద్దలు) ముందు పంచాయితీ దాకా వెళ్తుంది. అతను ప్రేమించే సెలిమెన్ ఇంట్లో అయితే ఇంకా స్పష్టం. ఎదురుగా లేనివాళ్ళని ఒక్కొక్కరినీ ఎగతాళి చేస్తున్నది ఆమె, అతను మండిపడేది మాత్రం పక్కన కూర్చుని నవ్వే మార్క్విస్‌ల (దర్బారు ప్రభువుల) మీద. ప్రేమించాడు కాబట్టి అతని న్యాయం అక్కడ కాస్త వంగింది. నాకు నవ్వొచ్చేది అందుకే, అతని నిజాయితీని చూసి కాదు.

జవాబు 2:
సెలిమెన్‌ని అందరూ తేలిగ్గా తీసిపారేస్తారు. 20 ఏళ్ళ వితంతువు ఆమె. ఆర్సినోయే అనే ఆవిడ స్నేహితురాలిలా వచ్చి 'జనం నీ గురించి ఇలా అనుకుంటున్నారు' అంటే, ఈమె అదే మర్యాదతో, దాదాపు అవే మాటలతో తిరిగి అప్పజెప్పడం ఆ నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. అయిదో అంకంలో ఆమె రాసిన ఉత్తరాలు ఆమె వెంటపడ్డవాళ్ళు అందరి ముందూ చదివి, ఒక్కొక్కరే వదిలేసి వెళ్ళిపోతారు. ఆల్సెస్ట్ ఒక్కడే క్షమిస్తానంటాడు, కానీ తనతో పాటు మనుషులకు దూరంగా వచ్చేయాలట. పెళ్ళికి ఆమె సిద్ధమే, ఈ వయసులో ఆ ఒంటరితనం తనవల్ల కాదంటుంది. అది కపటం కాదండీ, నాటకం మొత్తంలో ఆమె చెప్పిన అతి పెద్ద నిజం.

జవాబు 3:
1666 జూన్ 4న పారిస్‌లోని పాలే-రోయాల్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆల్సెస్ట్ వేషం కట్టింది మోలియేరే, సెలిమెన్‌గా అతని భార్య అర్మాండ్. అప్పటికి కపట భక్తుడి మీద అతను రాసిన 'తార్తూఫ్' నాటకం బహిరంగ ప్రదర్శన మీద నిషేధం ఇంకా ఉంది, 1669లో గానీ తొలగలేదు. కపటం గురించి రాసి అంత దెబ్బ తిన్న మనిషి ఆ కోపాన్ని తన నోటితోనే పలికాడు. అతనికి ఆల్సెస్ట్ మీద చులకన భావం ఉందంటే నేను నమ్మలేను.

ప్రశ్న అడిగినవారు:
'నేను అలా అనలేదు' అన్న చోటు గమనించకుండా దాటేశాను. ఈ రాత్రి ఆ సీన్ పైకి చదువుకుంటూ చూస్తాను. సెలిమెన్ విషయంలో మాత్రం నా మనసు ఇంకా మారలేదు.