ఆర్కిటిక్ మీద పీహెచ్‌డీ: మంచు మీద కాలు పెట్టకుండా చేయొచ్చా?

తుషారం:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ అయిపోవస్తోంది. రెండు పీహెచ్‌డీ పోస్టులకు ఇంటర్వ్యూలు అయ్యాయి, రెండూ ఇస్తామన్నారు. మొదటిది సముద్రపు మంచు మందం మీద. క్రయోశాట్-2, ఐస్‌శాట్-2 శాటిలైట్ల డేటాతో పని, మొత్తం కంప్యూటర్ ముందే, ప్రయాణాలు లేవు. రెండోది నార్వేకు చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్‌లో పర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే) నేల నుంచి వచ్చే మీథేన్‌ను కొలవడం. రెండు వేసవులు అక్కడే ఉండాలి. నాకు మొదటిదే నచ్చింది. కోడింగ్ వచ్చు, చలి పడదు. కానీ మాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఒకాయన "మంచు తొక్కనివాణ్ణి ఆర్కిటిక్ సైంటిస్టు అని ఎవరంటారు?" అని తేల్చేశారు. అప్పటినుంచి టెన్షన్ పట్టుకుంది. ఆ మాటలో నిజమెంత? రేపు పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) అప్లై చేసినప్పుడు ఫీల్డ్ అనుభవం లేదని పక్కన పెట్టేస్తారా?

గట్టునేల:
ఆయన మాట కటువుగా ఉంది కానీ తప్పు కాదు. మీ మొదటి పోస్టునే ఉదాహరణగా చూడండి. శాటిలైట్ మంచు మందాన్ని నేరుగా కొలవదు. నీటిమట్టానికి పైన ఎంత తేలుతోందో చూస్తుంది, దాన్నిబట్టి కింద ఎంత మునిగి ఉందో మనం లెక్కగడతాం. పది వంతుల్లో సుమారు తొమ్మిది నీళ్లలోనే ఉంటాయి కాబట్టి పైన పది సెంటీమీటర్లు తప్పితే మందంలో దాదాపు మీటరు తేడా వస్తుంది. ఇక ఆ తేలే మంచుగడ్డ మీద కురిసి పేరుకున్న మెత్తటి మంచు సంగతి. క్రయోశాట్ రాడార్ తరంగం దాన్ని దాటుకుని గడ్డ దాకా వెళ్లి తిరిగొస్తుందని చాలాకాలం లెక్కల్లో అనుకుంటూ వచ్చారు. ఉప్పో తేమో ఉంటే అలా జరగదని చెప్పింది అక్కడ నిలబడి కొలిచినవాళ్లే. మెత్తటి మంచు లోతు కోసం ఏళ్ల తరబడి అందరూ వాడుకున్న పట్టిక ఎక్కడిదనుకున్నారు? 1954 నుంచి 1991 దాకా సోవియట్ శాస్త్రవేత్తలు తేలే మంచు పలకల మీద శిబిరాలు వేసుకుని, కర్ర గుచ్చి గుచ్చి కొలిచిన లెక్కలవి. ఆ కర్ర లేకపోతే మీ అంకెలూ లేవు.

కోడ్‌కూలీ:
కర్ర పట్టుకున్నవాళ్లకు దండం. అయితే లెక్క కూడా వాళ్లే కట్టాలని ఎక్కడుంది? ఆ పట్టిక పాతబడిందని, దాన్ని వాడడం వల్ల తీర సముద్రాల్లో మంచు పలచబడే వేగం తక్కువగా కనబడుతోందని 2021లో చూపించినవాళ్లు మంచు కురిసే తీరును కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టారు. కుర్చీలో కూర్చునే చేశారు.

మొజాయిక్ అనే ఆర్కిటిక్ యాత్ర సంగతి చూడండి. 2019 సెప్టెంబరులో జర్మనీ పరిశోధన ఓడ పోలార్‌స్టెర్న్ నార్వేలోని ట్రోమ్సో నుంచి బయల్దేరి మంచులో కావాలనే ఇరుక్కుని, దాంతోపాటే తేలుతూ పోయి, 2020 అక్టోబరులో ఇంటికొచ్చింది. 20 దేశాలు చేతులు కలిపాయి. ఆ డేటా 2023 నుంచి అందరికీ తెరిచి ఉంది. దాన్ని తవ్వడానికే మనుషులు చాలడం లేదు, ఇంకో పెట్టె శాంపిళ్లు తెస్తే ఎవరికి లాభం?

పైగా జీతం ఆగే తేదీ ఒకటుంటుంది. నార్వేలో పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. మూడేళ్లు, డిపార్ట్‌మెంట్ పని కూడా ఉంటే నాలుగు. మొదటి వేసవి కోర్సులకు పోతుంది, చివరిది థీసిస్ రాతకు పోతుంది. నాతో చదివినతని పరికరాల పెట్టె కస్టమ్స్‌లో ఇరుక్కుపోయింది. అది చేతికొచ్చేసరికి నేల గడ్డకట్టేసింది. ఆ ఏడాదికి అంతే. 2020లో కోవిడ్ వచ్చి ఎంతమంది సీజన్ ఎగిరిపోయిందో వేరే చెప్పాలా? 2022 తర్వాత రష్యా వైపు తలుపులే మూసుకుపోయాయి.

గట్టునేల:
రష్యా మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఆర్కిటిక్ తీరంలో సుమారు సగం వాళ్లదే. అక్కడి పరిశోధన స్టేషన్లను తీసేస్తే మిగిలినవి మొత్తం ఆర్కిటిక్‌కు సరైన ప్రతినిధులు కావని 2024లో నేచర్ క్లైమేట్ చేంజ్ అనే జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. నేల మీద కొలత ఆగిపోతే దెబ్బ తగిలేది మోడల్ వాళ్లకే కదండీ. తలుపులు మూసుకుపోయాయి కాబట్టి వెళ్లడం మానేద్దాం అంటే ఎలా?

ఉత్తరాయణం:
నేను పోస్ట్‌డాక్‌గా ఉన్నాను, పర్మాఫ్రాస్ట్ వైపే. ఇద్దరి వాదనా సైన్స్‌కి ఏది అవసరం అనే దాని మీద నడుస్తోంది. తుషారం గారు అడిగింది అది కాదు. సైన్స్‌కి రెండూ కావాలి, కానీ ఒక మనిషి మూడేళ్లలో థీసిస్ ఇవ్వాలి.

రెండో పోస్టు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "ఒక వేసవి పూర్తిగా పోతే నా థీసిస్‌లో ఏం మిగులుతుంది?" దీనికి సూపర్‌వైజర్ తడుముకోకుండా జవాబు చెప్తే ఆ ప్రాజెక్టు గట్టిది. "అలా జరగదులే" అన్నారంటే దండం పెట్టి బయటపడండి. పాత కొలతలు చేతిలో ఉన్నాయా, మీరు లేనప్పుడు పరికరాలు ఎవరు చూస్తారు, హెలికాప్టర్‌కో పడవకో డబ్బు ఇప్పటికే మంజూరైందా లేక "రాస్తున్నాం" అంటున్నారా, ఇవన్నీ దాని వెనకాలే తెలిసిపోతాయి.

ఆ పని ఎలా ఉంటుందో కూడా తెలిసి దిగాలి. నేలలో ముందే దించి ఉంచిన రింగు మీద ఒక డబ్బా బోర్లిస్తారు. లోపలి గాలిలో మీథేన్ ఎంత వేగంగా పెరుగుతోందో ఎనలైజర్ చూపిస్తుంది. కొన్ని నిమిషాలాగి డబ్బా ఎత్తి, గాలి తగలనిచ్చి, పక్క రింగుకి వెళ్లాలి. చిత్తడి నేల మీద అడుగు గట్టిగా పడితే అడుగునున్న బుడగలు పైకి తన్నుకొచ్చి రీడింగ్ పాడవుతుంది, అందుకే చెక్క పలకల మీదే నిలబడాలి. మీరు కొలుస్తుంటే ఇంకొకరు తుపాకీ పట్టుకుని ధ్రువపు ఎలుగుబంటి వస్తోందేమోనని చుట్టూ చూస్తుంటారు. బ్యాటరీలు చలికి చచ్చిపోతాయి. రోజంతా ఇదే. నాకు ఇష్టం, కానీ ఇందులో సాహసం కన్నా విసుగే ఎక్కువ. (స్వాల్‌బార్డ్‌లోనే ఉన్న పరిశోధన కేంద్రం న్యూ-ఓలెసుండ్‌లో అయితే ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ కూడా ఆపేయాలి, అక్కడి రేడియో టెలిస్కోప్‌లకు అడ్డమని.)

పోస్ట్‌డాక్ భయం అక్కర్లేదు. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌ కోసం ఫీల్డ్ అనుభవం చూపించాలనే షరతేమీ లేదు. పట్టుకునే షరతు వేరే ఉంది: వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. నార్వేలో పీహెచ్‌డీ చేసి వెంటనే నార్వేలోనే అది తీసుకుందామంటే కుదరదు. దేశం ఎంచుకునేటప్పుడు దీని గురించి ఆలోచించండి.

నేనైతే మొదటి పోస్టు తీసుకుని, స్వాల్‌బార్డ్‌లోని లాంగియర్‌బ్యెన్ ఊళ్లో ఉన్న యూనివర్సిటీ కేంద్రం యూనిస్‌లో ఒక ఫీల్డ్ కోర్సు చేస్తాను. అది సొంతంగా డిగ్రీ ఇవ్వదు, వేరే యూనివర్సిటీల విద్యార్థులే అక్కడికొచ్చి కోర్సులు చేసి వెళ్తారు. 78 డిగ్రీల ఉత్తరాన కొన్ని వారాలుంటే మీ ప్రొఫెసర్ గారి నోరు మూతపడుతుంది.

వెన్నెలరేయి:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. "మంచు తొక్కితేనే సైంటిస్టు" అంటే ఎవరు బయటుండిపోతారు? పసిపిల్లలున్నవాళ్లు, ఏదైనా జబ్బుతో మందుల మీద ఉన్నవాళ్లు, వీసాకే నెలలు పట్టే పాస్‌పోర్టువాళ్లు. ఆడవాళ్లకైతే మారుమూల శిబిరంలో ఎవరితో ఉండాల్సొస్తుందన్నది కూడా ఒక లెక్కే. 2022లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ బయటపెట్టిన వేధింపుల నివేదిక అంటార్కిటికా స్టేషన్ల గురించే కావచ్చు, శిబిరం ఎక్కడైనా శిబిరమే. చేరకముందే అడగండి: ఫిర్యాదు చేయాలంటే టీమ్ లీడర్‌కి కాకుండా ఇంకెవరికి చెప్పుకోవచ్చు?

ఇంకొకటి. ఆర్కిటిక్ ఖాళీ ప్రదేశం కాదు. కెనడాలో నునావుట్‌కి వెళ్లాలంటే రీసెర్చ్ లైసెన్స్ కావాలి. పరిశోధన ఎవరి కోసం, డేటా ఎవరిది అన్నది తామే తేల్చాలంటూ అక్కడి ఆదివాసులైన ఇన్యుట్‌ల సంఘం ఐటీకే 2018లో జాతీయ వ్యూహమే ప్రకటించింది. మూడు వారాలకు వచ్చి మట్టి డబ్బాల్లో నింపుకుపోయి, పేపర్ అచ్చయినా అక్కడివాళ్లకు ఒక ముక్క చెప్పనివాళ్లను "ఫీల్డ్ మనుషులు" అని ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి?

గట్టునేల:
లైసెన్సుల గురించి మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటా. కానీ దానికి మందు ఎక్కువకాలం ఉండడం, ఊరివాళ్లతో కలిసి పనిచేయడం. వెళ్లకుండా ఉండడం కాదు. తుషారం గారూ, మీథేన్ పోస్టును అంత తేలిగ్గా వదులుకోకండి. పర్మాఫ్రాస్ట్‌లో ఉన్న కార్బన్ ఇప్పుడు గాలిలో ఉన్నదానికి సుమారు రెట్టింపు. అది ఎంత వేగంగా బయటికొస్తుందన్నది ఇంకా తేలని ప్రశ్న. దానికి పనిచేసేవాళ్లు తక్కువ.

తుషారం:
ఉత్తరాయణం గారు చెప్పిన ప్రశ్న ఇద్దరినీ అడిగాను. మీథేన్ సూపర్‌వైజర్ వెంటనే జవాబిచ్చారు: అంతకుముందు విద్యార్థి పెట్టిన ఆటోమేటిక్ డబ్బాల కొలతలు ఉన్నాయట, ఒక వేసవి పోయినా రెండు చాప్టర్లు వాటితో రాయొచ్చన్నారు. శాటిలైట్ సూపర్‌వైజర్ యూనిస్ కోర్సుకు పంపిస్తామన్నారు, కానీ ఖర్చు ఎవరిదో రాసివ్వమంటే మెయిల్‌కి జవాబు లేదు. నిన్నటిదాకా మొదటిదే అనుకున్నా, ఇప్పుడు అటూ ఇటూ ఊగుతున్నా. స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదు అంటున్నారు, నిజమేనా?

ఉత్తరాయణం:
స్వాల్‌బార్డ్‌కి అక్కర్లేదు. కానీ విమానం మారేది నార్వే ప్రధాన భూభాగంలో, అది షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల ప్రాంతం). స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట ఉంది. అంటే వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి షెంగెన్‌లోకి అడుగుపెడతారు. మీ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా అవసరమైతే కనీసం రెండు ఎంట్రీలది అడగండి. సింగిల్ ఎంట్రీతో వెళ్తే వెనక్కి రావడం కష్టం. శాటిలైట్ ఆయనకు శుక్రవారం దాకా టైమివ్వండి. అప్పటికీ ఖర్చు సంగతి రాసివ్వకపోతే మీథేన్ వాళ్లకు సరేననండి.