వ్యాక్సిన్ ఎగుమతుల మీద ఒక డౌట్, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్కారమండి. మా కాలేజీలో డిబేట్ ఉంది, టాపిక్ ఏంటంటే మహమ్మారి వస్తే ఇండియా ప్రపంచానికి ఏం చేయాలి అని. నాకు వ్యాక్సిన్ల దగ్గరే బుర్ర ఆగిపోయింది.

2021 జనవరిలో మన ప్రభుత్వం వేరే దేశాలకి కోవిడ్ టీకాలు పంపడానికి వ్యాక్సిన్ మైత్రి అని మొదలుపెట్టి ముందు భూటాన్, మాల్దీవులకి పంపారు కదా, తర్వాత సెకండ్ వేవ్ వచ్చి ఇక్కడే డోసులు చాలక జనం సెంటర్ల ముందు తెల్లారుజాము నుంచి లైన్లు కడుతుంటే ఎగుమతులు ఆపేశారు, దాంతో పూణే సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ కోవిషీల్డ్ టీకా మీద ఆశ పెట్టుకున్న కోవాక్స్ (పేద దేశాలకి కూడా టీకాలు అందేలా పెట్టిన అంతర్జాతీయ కార్యక్రమం) దెబ్బతింది, ఆఫ్రికాలో చాలా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. నన్నడిగితే ఆపడం తప్పు కాదు, కానీ మన మీదే అంతగా ఆధారపడ్డవాళ్ళ సంగతేంటి?

ఇప్పుడు 2025 మేలో డబ్ల్యూహెచ్‌ఓ సభ్యదేశాలు మహమ్మారి ఒప్పందం ఆమోదించాయి. అందులో, డబ్ల్యూహెచ్‌ఓతో కాంట్రాక్టు కుదుర్చుకున్న కంపెనీలు మహమ్మారి టైంలో తయారుచేసే టీకాలు, మందుల్లాంటి వాటిల్లో 20 శాతం లక్ష్యంగా డబ్ల్యూహెచ్‌ఓకి అందుబాటులో ఉంచాలి, కనీసం 10 శాతం ఉచితంగా అని ఉంది. అదే ఒప్పందంలో దేశాల చట్టాల్ని మార్చమని చెప్పే అధికారం డబ్ల్యూహెచ్‌ఓకి లేదని కూడా రాశారు. మరి రేపు హైదరాబాద్ దగ్గర శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీ ఏదైనా ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, అప్పుడే మనకి వేవ్ వస్తే, కేంద్రం ఎగుమతి ఆపితే ఆ 20 శాతం ఏమవుద్ది? కంపెనీ ఎవరి మాట వినాలి?

ఫార్మాలో గానీ లా సైడ్ గానీ పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి. అవతల టీం వాళ్ళు కచ్చితంగా ఇదే అడుగుతారు.