నారా గీసిన కోపపు పిల్లలు: ఆ చీకటి నిజమా, అమ్ముకోవడానికి పెట్టుకున్న ముద్దుతనమా?

నీలిసిరా:
సంక్రాంతికి వచ్చినప్పుడు మా చెల్లెలు ఒక పోస్ట్‌కార్డు తెచ్చింది. జపాన్ చిత్రకారుడు యోషితోమో నారా 1991లో వేసిన బొమ్మ. ఇంత పెద్ద తల, చిట్టి కాళ్ళు, చేతిలో బొమ్మకత్తిలాంటి చిన్న కత్తి. ఆ పిల్ల కళ్ళెత్తి చూస్తోంది. పాప చదువుకునే బల్ల ఎదురుగా గోడకి అంటించాను. అంతే, ఇంట్లో గొడవ. "పిల్లలుండే గదిలో కత్తి పట్టుకున్న బొమ్మేంటమ్మా" అని అత్తయ్యగారు. "ముద్దుగా ఉంది కదాని కొంటారు, లోపల ఏమీ ఉండదు" అని మా ఆయన. నాకైతే నారా గీతలంటే ప్రాణం. పాత కవర్ల వెనక, చిత్తు కాగితాల మీద కలర్ పెన్సిళ్ళతో గీసిన చిన్న బొమ్మలైతే మరీను. కానీ మా ఆయన మాటకి వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ బొమ్మల్లో చీకటి నిజంగా ఉందా? మనమే ఉందనుకుంటున్నామా?

కృష్ణాతీరం:
నీలిసిరా గారూ, నేను మీ ఆయన పక్షం. 2000లో నారా వేసిన 'నైఫ్ బిహైండ్ బ్యాక్' (వీపు వెనక కత్తి) అనే పెద్ద పెయింటింగ్ 2019 అక్టోబరులో హాంకాంగ్ వేలంలో 19.57 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. మన లెక్కలో అప్పటికి 175 కోట్ల రూపాయల పైమాటే. ఆ పిల్ల ఎర్ర గౌను, తెల్ల కాలరు, పెద్ద తల ఇవాళ ఎక్కడ చూసినా కనిపిస్తాయి. టీషర్టుల మీద ఉంది, గడియారాల మీద ఉంది. సిగరెట్ కాలుస్తున్న పాప బొమ్మతో యాష్‌ట్రే కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా అదే తల, అవే కళ్ళు. బాధ నిజమైనదైతే మనిషితో పాటు మారాలి కదా? ఇది మారలేదు, ముద్ర పడిపోయింది. కొనేవాళ్ళకి కావలసింది కూడా ఆ ముద్రే. పిల్లల ఒంటరితనాన్ని సోఫా వెనక గోడకి తగిలించుకునే సరుకు చేశారన్నది నా బాధ.

గోడమీదిపిల్లి:
కృష్ణాతీరం గారితో ఏకీభవిస్తున్నాను. నేను కూడా మొదట చూసినప్పుడు కార్టూన్ అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

రంగులపెట్టె:
నేను స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను, కాబట్టి ధర సంగతి వదిలేసి గీత సంగతి చెప్తాను.

పిల్లల్ని "కోపంగా ఉన్న ముఖం గీయండి" అంటే ముందు కనుబొమలు గీస్తారు, V ఆకారంలో. తర్వాత పళ్ళు. పెద్దవాళ్ళు గీసినా అంతే. నారా పిల్లల్లో చాలామందికి కనుబొమలే ఉండవు. పళ్ళు కనిపించేది ఎప్పుడో ఒకసారి. మరి కోపం ఎక్కడి నుంచి వస్తోంది? పై రెప్ప గీతలో ఉంది. ఆ గీత ముక్కు వైపు కొద్దిగా వాలుతుంది. అంతే. మీ పోస్ట్‌కార్డులో ఆ ఒక్క గీతనీ వేలితో మూసి చూడండి. పిల్ల ముఖంలో కోపం పోయి దిగులు మిగులుతుంది. రెండూ ఒకే ముఖంలో పక్కపక్కనే ఉన్నాయి. ఇది అనుకోకుండా కుదిరేది కాదు, కార్టూన్ చెయ్యి అసలే కాదు.

ఇంకొకటి. చుట్టూ ఏమీ ఉండదు. గది లేదు, చెట్టు లేదు, అమ్మ లేదు, చాలా బొమ్మల్లో నేల కూడా ఉండదు. ఆ పిల్ల ఎవరిని చూసి కోపపడుతోందో ఆ మనిషి కాగితానికి ఇవతల ఉన్నాడు. అక్కడున్నది మనమే. అత్తయ్యగారికి ఇబ్బంది అనిపించింది అందుకేనేమో. ఆవిడ బొమ్మని బాగానే చూశారు.

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన 175 కోట్ల బొమ్మలో కత్తి ఎక్కడుందో చెప్పండి. బొమ్మలో లేదు. ఒక చెయ్యి వీపు వెనక్కి పోయింది, కత్తి సంగతి చెప్పేది పేరొక్కటే. పేరు చదవకముందు అలిగిన పాప, చదివాక ఇంకో మనిషి. అది గీసినవాడి తెలివి. వేలంపాటలో ఎంత పలికిందన్నది కొన్నవాళ్ళ గొడవ.

మంచుదారి:
నేను నాలుగేళ్ళు టోక్యోలో పనిచేశాను. ఒక చలికాలం ఉత్తరాన ఉన్న అయోమోరి వెళ్ళాం, షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో మూడు గంటల పైనే. నారా పుట్టింది ఆ జిల్లాలోనే, హిరొసాకి అనే ఊళ్ళో, 1959లో. యాపిల్ తోటల ఊరు. మంచు పడితే పక్కింటికి పోవాలన్నా కష్టం. అమ్మానాన్నలిద్దరూ పనికి పోయేవాళ్ళు, అన్నలు వయసులో చాలా పెద్దవాళ్ళు. బడి నుంచి వచ్చి ఖాళీ ఇంట్లో ఒక్కడే. అక్కడికి దగ్గర్లో మిసావాలో అమెరికా వైమానిక స్థావరం ఉండేది, వాళ్ళ సైనికుల కోసం నడిచే రేడియోలో రాక్ పాటలు వినేవాడు. మాటలు అర్థం కావు. ఎల్పీ రికార్డుల అట్టల మీది బొమ్మలు చూస్తూ పాట ఏం చెప్తోందో ఊహించుకునేవాడు. ఆయనకి మొదటి ఆర్ట్ స్కూలు ఆ అట్టలే.

1988లో జర్మనీ, డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళాడు చదువుకి. భాష రాదు. మళ్ళీ అదే ఖాళీ ఇల్లు. చుట్టూ ఏమీ లేకుండా, లావుపాటి గీతతో ఒంటరి పిల్ల వచ్చి నిలబడింది అక్కడే. జపాన్‌లో ఉండగా ముద్దుబొమ్మల మార్కెట్ చూసి మొదలుపెట్టినవి కావు ఇవి.

అయోమోరి మ్యూజియంలో ఆయన చేసిన తెల్ల కుక్క ఉంది, ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు. ఆరుబయట గుంటలాంటి చోట కూర్చుని ఉంటుంది. మేము వెళ్ళినరోజు దాని నెత్తి మీద అడుగు మందాన మంచు. కళ్ళు కిందికి దించుకుని ఉంది. మా అబ్బాయికి అప్పుడు ఐదేళ్ళు. గాజుకి ముక్కు ఆనించి "నాన్నా, దాన్ని లోపలికి రానివ్వరా?" అన్నాడు. నేను ఏం చెప్పాలో తెలియక, వచ్చేటప్పుడు ఇంకోసారి వచ్చి చూద్దాం అన్నాను.

ఒక సంగతి మర్చిపోయాను. కత్తుల గురించి అడిగితే నారా చెప్పిన మాట సారాంశం ఇది: ఆ కత్తులు బొమ్మకత్తులంత చిన్నవి, వాటితో ఏం పోరాడతారు? చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ చేతుల్లో ఇంతకంటే పెద్ద కత్తులున్నాయి.

కృష్ణాతీరం:
మంచుదారి గారూ, ఆ చివరి మాట నాకు తెలియదు. దాంతో కత్తి విషయం ఒప్పుకుంటున్నాను. రంగులపెట్టె గారు చెప్పినట్టు రెప్ప గీత మూసి చూశాను, నిజమే.

కానీ "మారలేదు" అన్న మాట మీదే ఉన్నాను. చిన్నప్పటి ఒంటరితనం నిజమే అయినా, పదివేల సార్లు గీశాక అది చేతి అలవాటు కాకుండా ఉంటుందా?

రంగులపెట్టె:
మారింది అండీ. 2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత కొన్నాళ్ళు పెయింటింగ్ వేయలేకపోయాడు. ఆయన సొంత ప్రాంతం తోహొకులో సముద్రతీరం ధ్వంసమైపోయింది మరి. తను చదువుకున్న ఐచి యూనివర్సిటీకి వెళ్ళి మట్టి పట్టుకున్నాడు. బ్రష్షు లేకుండా పెద్ద పెద్ద తలలు చేతుల్తో పిసికాడు, వాటిని కంచులో పోతపోశారు, వేళ్ళ గుర్తులు అలాగే ఉంటాయి. 2012లో వేసిన 'మిస్ స్ప్రింగ్' చూడండి. ఆ పిల్ల కత్తి పట్టుకోలేదు, కళ్ళు వాలలేదు. సూటిగా చూస్తోంది, కళ్ళల్లో నీళ్ళు నిలిచినట్టుంటుంది. రంగు పొరలు పొరలుగా ఉంటుంది. 1991 పిల్లనీ ఈ పిల్లనీ పక్కపక్కన పెడితే ఇరవై ఏళ్ళు గడిచిన సంగతి తెలిసిపోతుంది. యాష్‌ట్రేల గురించి మీరన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు, నాకూ నచ్చదు.

గోడమీదిపిల్లి:
'మిస్ స్ప్రింగ్' ఇప్పుడే చూశాను. కార్టూన్ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీలిసిరా:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మంచుదారి గారు రాసింది ఇంట్లో చదివి వినిపించాను, ఖాళీ ఇల్లు, రేడియో, అన్నీ. మా ఆయన "అయినా ఫ్రేము కట్టించకు, కార్డుగానే ఉండనీ" అన్నారు. సరే అన్నాను.

పొద్దున పాప బడికి వెళ్ళాక గదిలోకి వెళ్తే అత్తయ్యగారు బల్ల ముందు కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కార్డునే చూస్తున్నారు. నన్ను చూసి "ఇంతకీ ఈ పిల్లని ఎవరేమన్నారే?" అని అడిగారు.