గోడ లోపల పుట్టిన ప్రేమ ఎంపిక అవుతుందా?

నీలిగన్నేరు:

యువ పాఠకుల కోసం వస్తున్న ఫాంటసీ ప్రేమకథల్లో ఒక అమరిక పదేపదే కనిపిస్తోంది. లోకానికి తెలియని మాంత్రికుల ఊరు ఒకటి ఉంటుంది. దాని చుట్టూ పొగమంచో, ముళ్ళ అడవో, మంత్రపు గోడో ఉంటుంది. పదిహేడేళ్ళ అమ్మాయి అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే ప్రేమలో పడుతుంది. నా అభ్యంతరం ఆ ప్రేమ మీద కాదు. దాన్ని ఆమె ఎంపికగా చూపించడం మీద.

ఊరిలో మూడు వందల మంది ఉన్నారనుకుందాం. అన్ని వయసులవారూ ఇంచుమించు సమంగా ఉంటే ఏటికి నలుగురు పిల్లలు లెక్క తేలతారు. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ళ వరకూ నాలుగు వయసుల్లో కలిపి పదహారు మంది, వారిలో అబ్బాయిలు ఎనిమిది మంది. ఇంత చిన్న ఊరిలో చుట్టరికం లేని ఇల్లు ఉండదు కాబట్టి, మరీ దగ్గరివారిని తీసేస్తే మిగిలేది నలుగురో అయిదుగురో. ఆ నలుగురిలో ఒకడిని చూసి 'వీడు నాకోసమే పుట్టాడు' అని ఆ పిల్ల అనుకుంటే తప్పు లేదు కానీ, రాసేవారు కూడా ఆమెతోపాటు అలాగే నమ్మేస్తే కథ తేలిపోతుంది. కాబట్టి గోడ దాటి బయటివాడు ఒకడు రావాలనీ, అప్పుడే ఆమె మనసుకు నిజమైన పరీక్ష ఎదురవుతుందనీ నా వాదన. మీరేమంటారు?

మూడోజాము:

నీలిగన్నేరు గారూ, లెక్క బాగుంది కానీ తేల్చిన విషయంతో నేను ఏకీభవించలేను. బయటివాడు వచ్చినంత మాత్రాన ఎంపిక పెరగదు; చాలాసార్లు తగ్గుతుంది.

ఈ అమరిక కొత్తదేమీ కాదు. షేక్‌స్పియర్ నాటకం 'ది టెంపెస్ట్' 1611 నాటికే ప్రదర్శనకు వచ్చింది. అందులో మిరాండా మూడేళ్ళు నిండకముందే దీవికి చేరి, మంత్రవేత్త అయిన తండ్రి దగ్గర పన్నెండేళ్ళు పెరిగింది. రాకుమారుడు ఫెర్డినాండ్‌ను చూడగానే, తాను చూసిన మగవారిలో ఇతడు మూడోవాడనీ, మనసు పడ్డవారిలో మొదటివాడనీ తానే అంటుంది. మొదటి ఇద్దరూ తండ్రీ, ఆయన బానిస కాలిబనూ. మూడోవాడిని అక్కడికి రప్పించిన తుఫాను కూడా తండ్రి మంత్రమే. కుర్రవాడి చేత దుంగలు మోయిస్తూ పైకి కోపం నటిస్తాడే కానీ, తన పథకం పారుతున్నందుకు ఆయన లోపల సంతోషపడుతూనే ఉంటాడు. మీరు కోరిన బయటివాడు ఇక్కడ వచ్చాడు. ఎంపిక ఎక్కడుంది?

మన ఇతిహాసంలోని ఋష్యశృంగుడి కథ ఇంకా సూటిగా ఉంటుంది. విభాండకుడి ఆశ్రమంలో తండ్రిని తప్ప మరో మనిషిని చూడకుండా పెరిగిన కుర్రవాడి దగ్గరికి, అంగదేశంలో వానలు లేక అల్లాడుతున్న రాజు వేశ్యలను పంపించాడు. మహాభారతంలో ఆ యువకుడు సాయంత్రం ఇంటికి వచ్చిన తండ్రికి 'ఒక బ్రహ్మచారి వచ్చాడు, పొడుగాటి జడ ఉంది, చేతిలో గుండ్రని పండు ఉంది, నేలకేసి కొడితే అది మళ్ళీ పైకి లేస్తోంది' అని చెబుతాడు. అది బంతి. బంతిని పండు అనుకునేవాడికి తన ఎదుట నిలబడినది ఎవరో, ఎందుకు వచ్చిందో ఎలా తెలుస్తుంది? అతడు అంగదేశంలో కాలు పెట్టగానే వాన కురిసింది, రాజు తన కూతురు శాంతనిచ్చి పెళ్ళి చేశాడు. ఎవరికి కావలసినది వారికి దక్కింది కానీ, అతడిని మాత్రం ఎవరూ అడగలేదు.

నీలిగన్నేరు:

బంతి మాటతో నన్ను పట్టేశారు. అయితే ఆ రెండు కథల్లోనూ బయటి మనుషులను రప్పించింది పెద్దవాళ్ళు. ఎవరి పథకమూ లేకుండా, దారి తప్పి వచ్చినవాడి సంగతి వేరు కదా. పైగా బయటివాడు వద్దంటే మిగిలేది చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన అబ్బాయే. అతడు ఏ విధంగా మెరుగు?

కందిరీగ:

కలిసి పెరగడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ నవలల్లో నాకు ఎప్పుడూ మింగుడుపడనిది అదే. ఒకే కప్పు కింద, ఒకే గురువు దగ్గర, పాలపళ్ళ వయసు నుంచి ఒక్క గుంపుగా పెరిగిన పిల్లలు పదహారో ఏట ఒకరినొకరు కొత్తగా చూసి వణికిపోతారు. అలా జరగడం అరుదని ఫిన్‌లాండుకు చెందిన సామాజిక శాస్త్రవేత్త వెస్టర్‌మార్క్ 1891లోనే రాశాడు. పసితనంలో కలిసి పెరిగినవారి మధ్య ఆకర్షణ మొలకెత్తదని ఆయన ప్రతిపాదన. ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జ్ అనే సమష్టి గ్రామాల్లో పిల్లలు తల్లిదండ్రుల ఇళ్ళలో కాకుండా ఈడువారితో కలిసి పిల్లల ఇళ్ళలోనే పడుకునేవారు. అలా పెరిగినవారి 2,769 పెళ్ళిళ్ళను జోసెఫ్ షెఫర్ 1971లో పరిశీలిస్తే, పుట్టిన దగ్గర నుంచి ఆరేళ్ళ వరకూ ఎడతెగకుండా ఒకే గుంపులో ఉన్న ఇద్దరు చేసుకున్న పెళ్ళి ఒక్కటి కూడా దొరకలేదు.

అయితే తర్వాత వచ్చిన పరిశోధకులు దీన్ని ప్రశ్నించారు. పెళ్ళి జరగకపోవడం వేరు, ఇష్టం పుట్టకపోవడం వేరు. గుంపు ఐకమత్యం చెడుతుందన్న భయంతో ఇష్టాన్ని లోపలే దాచుకున్నవారు ఉండవచ్చునని వారి మాట. నాకు కథగా పనికొచ్చేది ఇదే. తోటివారంతా అన్నాచెల్లెళ్ళలా చూస్తున్న ఇద్దరి మధ్య అలాంటి ఇష్టం పుడితే, దాన్ని ఒప్పుకోవడానికి గోడ దాటడమంత ధైర్యం కావాలి. ఏ మంత్రశక్తీ అడ్డుపడక్కరలేదు, భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో నలభై జతల కళ్ళు గమనిస్తూ ఉంటే చాలు. రాసేవారు ఈ గని మీద కూర్చుని, దానిలోకి దిగకుండా, 'హఠాత్తుగా అతడి కళ్ళ రంగు గమనించింది' అని ఒక వాక్యంతో దాటేస్తున్నారు.

సాలెగూడు:

అసలు దొంగను మీరందరూ వదిలేశారు. పుట్టుకతోనే జత రాసిపెట్టి ఉంటుందనే 'ఆత్మబంధం' ఈ కథల్లో సగానికి సగం చోట్ల ఉంటుంది. మణికట్టు మీద గుర్తు వెలిగితే ఇక మాట్లాడడానికి ఏమీ మిగలదు. ఎదుటివాడికి మూడు వందల ఏళ్ళు, ఆమెకు పదిహేడు అయినా సరే, గుర్తు వెలిగింది కాబట్టి సరిపోయింది! వయసుకు రాని పాఠకులు చదివే పుస్తకంలో 'వద్దు' అనే మాటకు చోటు లేకుండా చేసే మంత్రాన్ని వరంగా చూపించడాన్ని నేను ఒప్పుకోను. ఇక్కడ ఊరు పెద్దదా చిన్నదా అన్న లెక్కలకు అర్థమే లేదు.

అటకమీద:

నేను అలాంటి నవల ఒకటి రాస్తున్నాను కాబట్టి కొంత సిగ్గుతోనే ఈ చర్చలోకి వస్తున్నాను. నా మొదటి ప్రతిలో మణికట్టు గుర్తు ఉండేది. చదివిన స్నేహితురాలు ఒకే ప్రశ్న అడిగింది: 'ఈ గుర్తు తీసేస్తే వీళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారు?' తీసి చూస్తే నిజంగానే వాళ్ళకు మాటలు లేవు. నాలుగు అధ్యాయాలు పోయాయి.

ఇప్పుడున్న ప్రతిలో గోడ తనంతట తాను నిలబడదు. ఊరి చుట్టూ నలభై రాళ్ళు ఉన్నాయి. రాత్రంతా జాముకొకరు చొప్పున వాటి మీద అరచేయి ఆనించి కూర్చోవాలి. రాయి చల్లగా ఉంటే గోడ బాగున్నట్టు, వేడెక్కితే పలచబడుతున్నట్టు. కథానాయిక వెళ్ళిపోతే ఆమె జాము ఖాళీ అవుతుంది, దాన్ని ఆమె తల్లి తన జాముకు కలుపుకుని కూర్చోవాలి. తల్లి అరచేతిలో ఇదివరకే కాయకట్టిన మచ్చ ఉంది, పిండి కలిపేటప్పుడు ఆ చేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. బయటివాడు వచ్చాడా, లోపలివాడేనా అన్నది నాకు ఇప్పుడు రెండో ప్రశ్న అయిపోయింది. ప్రేమించినందుకు ఎవరి చేయి కాలుతుందో ఆమెకు తెలియాలి, తెలిసీ నిర్ణయించుకోవాలి. చివరికి ఆమెను పంపించేయాలని అనుకుంటున్నాను.

మూడోజాము:

అటకమీద గారూ, రాళ్ళ ఊహ చాలా బాగుంది. అందుకే చివరి వాక్యం నిరాశపరిచింది. ఎందుకు పంపించాలి? ఈ కథలన్నీ చివరికి గోడ అవతలికే ఎందుకు పరుగెత్తుతాయి?

దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ ద కున్యా దీవికి, జనం ఉండే చోట్లలో అతి దగ్గరిదైన సెయింట్ హెలెనా దీవే దాదాపు 2,400 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1961లో ట్రిస్టన్‌లో అగ్నిపర్వతం పేలితే, రెండు వందల అరవై మందికి పైగా ఉన్న జనం మొత్తాన్ని ఇంగ్లండుకు తరలించారు. కరెంటు, ఉద్యోగాలు, సినిమాలు, లెక్కలేనంత మంది కొత్త మనుషులు, నీలిగన్నేరు గారు కోరినవన్నీ అక్కడ ఉన్నాయి. మరుసటి ఏడాది ఓటింగు పెడితే 148 మంది తిరిగి వెళతామన్నారు, అయిదుగురు వద్దన్నారు. 1963లో చాలామంది వెళ్ళిపోయారు కూడా. లోకం చూశాక తిరిగివచ్చినవారి నిర్ణయాన్ని అజ్ఞానం అనలేం కదా.

కందిరీగ:

అలా వెళ్ళినవారిలో కొందరు కొన్నేళ్ళకు మళ్ళీ ఇంగ్లండుకే వచ్చేశారని కూడా చెప్పండి. ఓటు వేసిన రోజు వాళ్ళకు ఇంగ్లండు చలి తెలుసు, తాము తిరిగి వెళ్ళే దీవి మాత్రం తాము వదిలివచ్చిన దీవిలా ఉండదని తెలియదు.

నీలిగన్నేరు:

అయితే నా వాదనను సవరించుకుంటాను. బయటివాడు రానక్కరలేదు, కానీ ఆమె ఒక్కసారైనా బయటికి వెళ్ళాలి. తిరిగి వచ్చే దారి తెరిచి ఉండాలి. దారి మూసేసి 'ఉండిపోయింది' అని రాస్తే మళ్ళీ మొదటికే వస్తాం. సాలెగూడు గారి మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

అటకమీద:

నిన్న రాత్రి చివరి అధ్యాయం తిరగరాశాను. ఆమె వెళ్ళి, రెండు ఋతువులు గడిచాక వెనక్కి వస్తుంది. ఉండిపోవడానికి వచ్చిందో, చూసిపోవడానికి వచ్చిందో ఇంకా తేల్చుకోలేదు. అతడు ఆమె కోసం ఎదురుచూడలేదు, ఆమె రాయి దగ్గర కూర్చుని జాము కాస్తున్నాడు. ఆమె వాళ్ళమ్మ చేతిని తిప్పి చూస్తుంది. మచ్చ పెరగలేదు. ఆ జాములు ఎవరు కాశారో అడగడానికి ఆమె నోరు తెరిచేసరికి తల్లి పిండి గిన్నె ఆమె ముందుకు జరుపుతుంది. ప్రస్తుతానికి అక్కడ ఆపాను.