అప్‌డేట్: షెడ్డులో బ్రిడ్జ్ కనెక్ట్ అయింది (పలాస)

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరిపోయింది. కొత్తగా చూసేవాళ్ల కోసం: పలాసలో మా ఇంటి రౌటర్ నుంచి పెరటి వెనక జీడిపిక్కల షెడ్డులోని బిల్లింగ్ కంప్యూటర్‌కి నెట్ ఇవ్వాలని పాత వైర్‌లెస్ బ్రిడ్జ్ (రౌటర్ వైఫైని అందుకుని దూరంగా ఉన్న కంప్యూటర్‌కి నెట్ ఇచ్చే పరికరం) పెట్టాం. వైఫై పేరు కనబడేది, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా కనెక్ట్ అయ్యేది కాదు.

ఎన్‌క్రిప్షన్ (వైఫై డేటాని ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతి) చూడమన్నవారి మాటే నిజమైంది. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి మీద ఉంది, బ్రిడ్జ్‌కి దానికి ముందుతరం డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ పెట్టినా మొరాయించింది. చివరికి రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రం డబ్ల్యూపీఏ2కి, అందులో ఏఈఎస్ అనే బలమైన ఎన్‌క్రిప్షన్‌కి మార్చి, ఫోన్లు వాడే 5 గిగాహెర్ట్జ్‌ని డబ్ల్యూపీఏ3 లోనే ఉంచాం. సేవ్ కొట్టిన కాసేపటికే బ్రిడ్జ్ మీద లింక్ లైటు నిలకడగా వెలిగింది. ప్రాణం లేచొచ్చింది!

అయినా నెట్ రాలేదు. నెట్‌వర్క్ పని చేసే కుర్రాడు వచ్చి చూస్తే బ్రిడ్జ్‌దీ రౌటర్‌దీ ఒకటే ఐపీ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి వేరుగా ఉండాల్సిన అడ్రస్), 192.168.1.1. బ్రిడ్జ్‌ది 192.168.1.250 చేసి, దాని డీహెచ్‌సీపీ (మిగతా పరికరాలకి ఐపీలు పంచే సదుపాయం) ఆపేశాడు. అంతే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

రేకుల కప్పు వల్ల సిగ్నల్ అందట్లేదన్న అనుమానానికీ, వైఫై ఛానల్ మార్చమన్న సలహాకీ దీనితో సంబంధం లేదు. టీకేఐపీ (ఏఈఎస్ కంటే పాత ఎన్‌క్రిప్షన్) పెట్టమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. దాని భద్రత బలహీనం, పైగా స్పీడు 54 ఎంబీపీఎస్ దాటదు.