క్లినిక్ ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు వెళ్లింది: టీకాలు, ఇన్సులిన్ ఇంకా పనికొస్తాయా?

ప్రశ్న (పిల్లల వైద్యుడు, అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను, నా భార్య కలిసి ఇక్కడ ఒక చిన్న క్లినిక్ నడుపుతున్నాం. నేను పిల్లలను, ఆమె స్త్రీలను చూస్తాం. చల్లగా ఉంచవలసిన మందులన్నీ రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు దానంతట అదే కరిగే) ఫ్రిజ్‌లోనే ఉంటాయి. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పటి నుంచి, మందులు వేడెక్కుతాయన్న భయంతో సిబ్బంది ఫ్రిజ్ నాబ్‌ను పూర్తి చల్లదనానికి తిప్పి ఉంచారు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు ఒకటి తెప్పించి లోపల పెట్టగా, మర్నాడు ఉదయానికి కనిష్ఠం మైనస్ 1.2, గరిష్ఠం 9.6 అని చూపింది. ఏ సీసాలోనూ గడ్డకట్టిన జాడ మాత్రం కనిపించలేదు. లోపల హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసేది), ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసేది) టీకాలు, పీసీవీ (న్యుమోకాకల్ టీకా) ముందే నింపి వచ్చే సిరంజీలు, ఇన్సులిన్ కార్ట్రిడ్జీలు, కాన్పు సమయంలో వాడే ఆక్సిటోసిన్ ఆంప్యూళ్లు ఉన్నాయి. వీటిలో ఏవి వాడవచ్చు, ఏవి తీసివేయాలి? ఫ్రిజ్‌నే మార్చవలసి ఉంటుందా?

జవాబు 1 (ఫార్మసిస్టు, కర్నూలు)

డాక్టర్ గారూ, ప్రస్తుతానికి వేటినీ పారవేయకండి, వేటినీ వాడకండి. అన్నింటినీ ఒక పెట్టెలో సర్ది, ‘వాడరాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే మరో ఫ్రిజ్‌లోకి మార్చండి.

మన సీమలో అందరి భయమూ వేడి గురించే. అయితే మీ దగ్గరున్న సరుకులో చాలావాటికి ఆ 9.6 కంటే మైనస్ 1.2 ఎక్కువ ప్రమాదకరం. హెపటైటిస్ బి, పెంటావాలెంట్, పీసీవీ టీకాల్లో అసలు పదార్థం అల్యూమినియం లవణపు రేణువులకు అంటుకుని ఉంటుంది. ఒకసారి గడ్డకడితే ఆ రేణువులు ముద్దలుగా చేరిపోతాయి, కరిగాక కూడా మునుపటి స్థితికి రావు, టీకా శక్తి తగ్గిపోతుంది. హెపటైటిస్ బి టీకా సుమారు మైనస్ 0.5 దగ్గరే గడ్డకట్టగలదు. కరిగిన తర్వాత అది చూపుకు మామూలుగానే ఉండవచ్చు కనుక, జాడ కనిపించలేదన్న మాటను ఆధారంగా తీసుకోలేం. కొన్ని సీసాల మీద ఉండే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు కూడా వేడిని మాత్రమే పసిగడుతుంది, చలిని కాదు.

ఎంఎంఆర్ పొడికి ఈ చలి వల్ల నష్టం లేదు. దానిలో కలిపే ద్రవపు ఆంప్యూల్ పగిలిందేమో చూసుకుంటే చాలు. ఇన్సులిన్ గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే వాడకూడదు. గ్లార్జిన్ వంటి తేటగా ఉండే రకాల్లో నష్టం కంటికి కనిపించదు. ఆక్సిటోసిన్‌ను ప్రధానంగా చెడగొట్టేది ఎక్కువ కాలం తగిలే వేడి. ఇప్పుడు చలి తగిలింది కాబట్టి తయారీదారును అడిగి నిర్ణయించండి.

ప్రభుత్వ కేంద్రాల్లో ఇలాంటప్పుడు షేక్ టెస్ట్ చేస్తారు. అదే తయారీదారు, అదే బ్యాచ్ సీసాను ఒకదాన్ని కావాలనే పూర్తిగా గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న సీసాతో పాటు బాగా కుదిపి పక్కపక్కన పెడతారు. అనుమానం ఉన్న సీసాలో మడ్డి అంతే వేగంగా గానీ, ఇంకా త్వరగా గానీ అడుగుకు దిగితే అది పనికిరాదు. మీ దగ్గర ఒక్కో బ్యాచ్‌లో ఒకటి రెండు సిరంజీలే ఉంటాయి కనుక ఈ పరీక్ష మీకు దాదాపు కుదరదు. అల్యూమినియం లేని మందులకు అసలు వర్తించదు.

జవాబు 2 (కోల్డ్ చైన్ పరికరాల మెకానిక్, కడప)

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక సందేహం అడుగుతున్నాను. థర్మామీటరును ఎక్కడ పెట్టారు? ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లని గాలిని ఫ్యాన్ ఒక రంధ్రం గుండా లోపలికి తోస్తుంది. ఆ రంధ్రం ఎదుట ఉన్న గాలి ఉష్ణోగ్రత కొద్ది నిమిషాల్లోనే పడిపోయి మళ్లీ లేస్తుంది, సీసాలోని మందు ఉష్ణోగ్రత అంత త్వరగా మారదు. పైగా అందులో మంచు కరిగించే హీటరు రోజూ పనిచేస్తుంది కాబట్టి గరిష్ఠ అంకె కూడా పెరుగుతుంది. అందుకే సెన్సర్‌ను గ్లైకాల్ ద్రవం నింపిన చిన్న సీసాలో ముంచి, మధ్య అరలో మందుల పక్కనే ఉంచాలి. ఎంతసేపు ఆ చలి ఉందో మీ థర్మామీటరు చెప్పదు, ఉష్ణోగ్రతను సమయంతో సహా నమోదు చేసే డేటా లాగర్ అయితే చెబుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో వాడే ఫ్రీజ్ ట్యాగ్ అనే పరికరం మైనస్ 0.5 కంటే తక్కువలో 60 నిమిషాలు గడిస్తేనే హెచ్చరిక చూపుతుంది. వ్యవధి అంత ముఖ్యం.

ఇళ్లలో వాడే ఫ్రిజ్ నాబ్ మీద ఉన్న 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావన్న సంగతి చాలామంది సిబ్బందికి తెలియదు. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో సరిపోయేలా తిప్పిన నాబ్, తెల్లవారుజామున గది చల్లబడ్డాక మందులను గడ్డకట్టించగలదు. మీ ఫ్రిజ్‌లో జరిగింది బహుశా ఇదే.

జవాబు 3 (జనరల్ ప్రాక్టీషనర్, ప్రొద్దుటూరు)

కొత్త ఫ్రిజ్ విషయంలో నా అభిప్రాయం చెబుతాను. టీకాలు ఎక్కువగా వేసే క్లినిక్‌కు మందుల కోసమే తయారైన ఫ్రిజ్ గానీ, గోడల చుట్టూ మంచు పొర ఉండే చిన్న ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ (ఐఎల్‌ఆర్) గానీ ఉండటమే సరైనది. ఐఎల్‌ఆర్‌లో అడుగు భాగమే అన్నింటికంటే చల్లగా ఉంటుంది కాబట్టి గడ్డకట్టకూడని టీకాలను పై బుట్టలోనే పెట్టాలి. కొనేవరకు పాత ఫ్రిజ్‌తోనే నెట్టుకురావచ్చు. కూరగాయల అరలోనూ తలుపు అరల్లోనూ నీళ్ల సీసాలు నింపండి, మందులను అక్కడ పెట్టకండి. వెనక గోడకు, గాలి రంధ్రానికి తగలకుండా మధ్య అరల్లో ఉంచండి. స్టెబిలైజర్ తప్పనిసరి. సిబ్బంది టిఫిన్ డబ్బాలు, మజ్జిగ సీసాలు అందులోకి రానివ్వకండి. తలుపు మాటిమాటికీ తెరవడం వాటివల్లే జరుగుతుంది. కరెంటు పోయినప్పుడు తలుపు మూసే ఉంచండి. ఎక్కువసేపు పోతే ఐస్ ప్యాక్‌లు పెట్టే వ్యాక్సిన్ క్యారియర్ పెట్టె వాడండి. ఐస్ ప్యాక్‌లను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టకుండా, కుదిపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట ఆగనివ్వాలి.

ప్రశ్న అడిగినవారు

థర్మామీటరు పై అరలో, గాలి రంధ్రానికి దగ్గరగానే ఉంది. అయితే హెపటైటిస్ బి, పెంటావాలెంట్ కూడా అదే అరలో ఉన్నాయి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది, నాబ్ తిప్పిన తర్వాత ఆ అరలోంచి తీసి పిల్లలకు వేసిన టీకాల సంగతి.

జవాబు 1 (ఫార్మసిస్టు, కర్నూలు)

ఆ అరలోని ఆ రెండు టీకాలను ఇక వాడవద్దనే నా సలహా. మిగిలినవాటికి బ్యాచ్ నంబర్లు, ఉష్ణోగ్రతలు, థర్మామీటరు ఉన్న చోటు రాసి తయారీ సంస్థలకు పంపి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. మెడికల్ రిప్రజెంటేటివ్ నోటిమాట చాలదు. ఇక పిల్లల విషయంలో, రిజిస్టరు నుంచి పేరు, తేదీ, బ్యాచ్ నంబరుతో జాబితా తీయండి. శక్తి తగ్గిన టీకా వల్ల బిడ్డకు విషప్రభావం ఉండదు గానీ రక్షణ అందకపోవచ్చు. సందేహం తీరకపోతే ఆ డోసును లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ వేయడమే మేలు, హెపటైటిస్ బి అదనపు డోసు వల్ల హాని లేదు. కోర్సు పూర్తయిన బిడ్డ అయితే, చివరి డోసు వేసిన ఒకటి రెండు నెలల తర్వాత రక్తంలో యాంటీ హెచ్‌బీఎస్ (హెపటైటిస్ బి నుంచి రక్షించే యాంటీబాడీల) పరీక్ష చేయించవచ్చు. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు (mIU/mL) లేదా అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్లే పరిగణిస్తారు.